నిలబడ్డ మోటారు బలం, పరిగెత్తే మోటారు బలం

రాణీగంజ్‌లో ఏ మోటార్ల కొట్టుకైనా వెళ్లి స్టెప్పర్ మోటారు కావాలని అడగండి. "ఎన్ని కేజీలదండీ?" అంటారు. పదా, పంతొమ్మిదా, ముప్ఫయ్యా అని. మోటారు బరువు గురించి కాదు ఆ ప్రశ్న. ఇరుసు నడిమధ్య నుంచి సెంటీమీటరు దూరంలో పది కేజీలు వేలాడదీసినా తిరిగిపోకుండా పట్టుకుంటే అది పది కేజీల మోటారు. పుస్తకాల లెక్కలో సుమారు ఒక న్యూటన్ మీటరు.

మా మనవరాలు పాలిటెక్నిక్ చదువుతోంది. చెక్క మీద పేర్లు, ముగ్గులు, దేవుడి బొమ్మలు చెక్కే చిన్న సీఎన్‌సీ రౌటర్ సొంతంగా కట్టుకోవాలని దాని సరదా. బల్ల పొడవు 600 మిల్లీమీటర్లు, వెడల్పు 400. "ముప్ఫై కేజీల మోటార్లు కొనేస్తే ఇంక బెంగ ఉండదు కదా తాతయ్యా?" అంది. ఉంటుందే అమ్మడూ! కొట్టువాడు చెప్పిన కేజీలు మోటారు కదలకుండా నిలబడ్డప్పటివి. చెక్క కోసేటప్పుడు అది నిలబడి ఉండదుగా, పరిగెడుతుంది. పరిగెత్తేటప్పుడు ఎంత బలం మిగులుతుందన్నది ఇంకో లెక్క. అది మోటారు ఒక్కదాని చేతిలో లేదు. మోటారుకి కరెంటు పంపే డ్రైవు, వోల్టులు, కాయిల్ చుట్ల సంఖ్య కలిసి తేల్చే సంగతి అది.

ముందు ఈ మోటారు లోపల ఏముందో చూద్దాం. రోటరు చుట్టూ సన్నని 50 పళ్లుంటాయి. బయట స్టేటరులో రెండు జట్ల కాయిళ్లు. వాటిలో కరెంటు ఒక వరసలో అటూ ఇటూ మారుతుంటే ప్రతి మార్పుకీ రోటరు ఒక పంటి దూరంలో నాలుగో వంతు జరుగుతుంది. యాభై నాలుగులు 200. అంటే చుట్టుకి 200 అడుగులు, అడుగుకి 1.8 డిగ్రీలు. ఒక్కో అడుగులో తేడా మహా అయితే ఐదు శాతం. పైగా ఆ తేడా అడుగడుక్కీ పోగుపడదు. ఇంత నాజూకు పనితనం చవగ్గా దొరకడమంటే మామూలు సంగతి కాదు.

కానీ దానికి కళ్లు లేవు. కంట్రోలరు ఒక పల్సు పంపి, మోటారు ఒక అడుగు వేసే ఉంటుందని నమ్మేస్తుంది. వేసిందా లేదా అని వెనక్కి తిరిగి చూసే ఏర్పాటే లేదు. బరువు మించితే అడుగు తప్పుతుంది, ఆ సంగతి ఎవరికీ తెలియదు. మిగతా బొమ్మంతా పక్కకి జరిగి చెక్కుకుపోతుంది.

ఇందులో ఒక గమ్మత్తుంది. అలా తప్పేటప్పుడు ఒకటో రెండో అడుగులు తప్పవు, నాలుగేసి చొప్పున తప్పుతాయి. పట్టు జారిన రోటరు మళ్లీ దొరకబుచ్చుకునేది పక్క పంటి దగ్గరే కాబట్టి. ఒక చుట్టుకి 5 మి.మీ. జరిగే స్క్రూ ఉందనుకోండి, నాలుగడుగులంటే సరిగ్గా 0.1 మి.మీ. చెక్కిన బొమ్మ 0.1, 0.2, 0.7 ఇలా పదో వంతుల లెక్కన జరిగితే మోటారు చతికిలబడిందని అనుమానించాలి. 0.03, 0.04 ఇలా చిల్లరగా తేడా వస్తుంటే మోటారుని తిట్టకండి. కప్లింగ్ స్క్రూ వదులైందేమో, నట్టులో ఆట ఉందేమో, వైర్లలో నాయిస్ దూరి పల్సులు పోతున్నాయేమో చూడాలి.

మోటారు కొనగానే, ఏ డ్రైవుకీ తగిలించకముందే, పైసా ఖర్చు లేని ప్రయోగం ఒకటి చెయ్యండి. నాలుగు వైర్లూ విడివిడిగా ఉంచి ఇరుసుని వేళ్లతో తిప్పండి, సులువుగా తిరుగుతుంది. ఇప్పుడు రెండు వైర్ల కొసలు కలిపి తిప్పండి. ఉన్నట్టుండి గట్టిగా బిగదీస్తే ఆ రెండూ ఒకే కాయిల్ తాలూకువి. బిగదియ్యకపోతే జత మార్చి చూడండి. మీరు తిప్పుతుంటే మోటారే జనరేటరై కరెంటు పుట్టిస్తుంది. దారి దొరికిన ఆ కరెంటు తనని పుట్టించిన కదలికకే అడ్డం తిరుగుతుంది. లెంజ్ సూత్రమని టెన్త్‌లో బట్టీ పట్టింది ఇదే. వైర్ల రంగులు ఒక్కో కంపెనీవి ఒక్కోలా ఉంటాయి గానీ ఈ పరీక్ష ఎక్కడా మోసం చెయ్యదు.

ఇక నెమా 17, నెమా 23, నెమా 34 అని వింటుంటారు. అవి బలం అంకెలు కావు. ముందు పలక ఎన్ని అంగుళాలో చెప్పే అంకెలు: 1.7, 2.3, 3.4. మన కొలతలో 42, 57, 86 మిల్లీమీటర్లు. నెమా 23లో బొద్దుగా పొట్టిగా ఉన్నదీ ఉంటుంది, బారెడు పొడుగున్నదీ ఉంటుంది. బలంలో రెండింటికీ మూడింతల తేడా ఉండొచ్చు.

సరే, మోటారుని కాసేపు పక్కన పెడదాం. లెక్క అటునుంచి కాదు, కోసే బిట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. మనవరాలి రౌటర్ నిమిషానికి 3000 మి.మీ. వేగంతో పరిగెడితే చాలు. స్క్రూ చూస్తే 16 మి.మీ. లావు, చుట్టుకి 5 మి.మీ. జరిగే బాల్ స్క్రూ. బజార్లో 1605 అంటే ఇచ్చేస్తారు. 3000ని 5తో భాగిస్తే 600. అంటే మోటారు 600 ఆర్‌పీఎం దగ్గర పని చెయ్యాలి. ఈ అంకెని గోడ మీద రాసిపెట్టుకోండి.

ఇప్పుడు బలం. ఒక న్యూటన్ మీటరు టార్క్‌ని ఈ స్క్రూకి ఇస్తే, 90 శాతం సామర్థ్యం వేసుకున్నా, నట్టు మీద 1130 న్యూటన్ల తోపు వస్తుంది. నూట పదిహేను కేజీల తోపన్నమాట! సన్న బిట్టుతో చెక్క కొయ్యడానికి అందులో పదో వంతు కూడా ఎక్కువే. 100 న్యూటన్లు కావాలనుకున్నా స్క్రూ అడిగేది 0.09 న్యూటన్ మీటరు.

"మరి బిట్టుని మోసుకుని కదిలే ఆ పది కేజీల గ్యాంట్రీని ఒక్కసారి పరిగెత్తించాలిగా తాతయ్యా, దానికి బలం అక్కర్లేదా?" అంది. మంచి ప్రశ్న. దీని దగ్గర కాస్త నింపాదిగా కూర్చుందాం. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

స్క్రూ ఒక చుట్టు తిరిగితే గ్యాంట్రీ జరిగేది 5 మిల్లీమీటర్లే. కాబట్టి మోటారుకి ఆ పది కేజీల జడత్వం చాలా కుదించుకుపోయి కనబడుతుంది. ఆ 5 మిల్లీమీటర్ల లీడ్‌ని రెండు పైలతో భాగించి, దాన్ని వర్గం చేసి, బరువుతో గుణిస్తే వచ్చేది సుమారు 63 గ్రాము చదరపు సెంటీమీటర్లు. ఇదే కొలతలో 600 మి.మీ. పొడవున్న స్క్రూ తాలూకు సొంత జడత్వం లెక్కేస్తే 300. ఒక మాదిరి నెమా 23 మోటారు రోటరుది కూడా దాదాపు 300. చూశారా! వేగం అందుకోడానికి మోటారు పెట్టే బలంలో ఎక్కువ భాగం తనని తాను తిప్పుకోడానికీ, స్క్రూని తిప్పడానికీ పోతుంది. గ్యాంట్రీది మూడో స్థానం, అదీ ఎంతో వెనక.

ఇంకో సంగతి. కడ్డీ జడత్వం లావుకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. గట్టిగా ఉంటుంది కదా అని 16 బదులు 25 మి.మీ. స్క్రూ వేస్తే దాని జడత్వం ఆరింతలవుతుంది. గ్యాంట్రీ బరువు తగ్గించాలని అల్యూమినియంకి చిల్లులు పొడిచేవాళ్లు స్క్రూ లావు సంగతి మాత్రం పట్టించుకోరు.

మూడూ కలిపితే 670 దాకా. సెకనులో పదో వంతులో 600 ఆర్‌పీఎం అందుకోవాలంటే కావలసింది 0.04 న్యూటన్ మీటరు. కోతకి 0.09. పట్టాల రాపిడి, నట్టు బిగువు కలిపి ఉదారంగా 0.1 వేసుకుందాం. మొత్తం పావు దాటలేదు. ముడి గట్టిగా తగిలిందనో, గ్రీజు ఎండిపోయిందనో రెట్టింపు చేసుకున్నా అర న్యూటన్ మీటరు. కాబట్టి మీరు అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ మోటారు 600 ఆర్‌పీఎం దగ్గర అర న్యూటన్ మీటరు ఇస్తుందా?

దీనికి జవాబు మోటారు కాయిల్‌లో ఉంది. తిరగలి చూసే ఉంటారు. మెల్లిగా నెడితే అది వేగం అందుకోడానికి చాలాసేపు పడుతుంది, గట్టిగా తోస్తే వెంటనే అందుకుంటుంది. కాయిల్‌లో కరెంటూ అంతే. ఆ బద్ధకానికి పేరు ఇండక్టెన్స్, తోపుకి పేరు వోల్టేజీ.

అంకెల్లో చూద్దాం. నెమా 23లో బాగా అమ్ముడయ్యే మోటారొకటి: 1.26 న్యూటన్ మీటర్లు, అంటే కొట్టులో పన్నెండు పదమూడు కేజీలది. కరెంటు 2.8 ఆంపియర్లు, కాయిల్ రెసిస్టెన్సు 0.9 ఓములు, ఇండక్టెన్స్ 2.5 మిల్లీహెన్రీలు. 2.8ని 0.9తో గుణిస్తే రెండున్నర వోల్టులు. లేబులు మీద రాసేదీ అదే. నిజంగా రెండున్నర వోల్టులే ఇచ్చారనుకోండి, కరెంటు పూర్తి విలువలో మూడింట రెండు వంతులకి చేరడానికే దాదాపు 3 మిల్లీసెకన్లు కావాలి. 600 ఆర్‌పీఎం అంటే సెకనుకి పది చుట్లు, రెండు వేల అడుగులు. అడుగుకి అర మిల్లీసెకను. కరెంటు ఇంకా కాయిల్ గుమ్మం దాటకముందే "బయటికి పో, అవతలివాడి వంతు" అంటారు. కరెంటు లేకపోతే అయస్కాంతం లేదు, అయస్కాంతం లేకపోతే టార్క్ లేదు.

ఇప్పుడు అదే కాయిల్‌కి 36 వోల్టులు ఇవ్వండి. మిల్లీసెకనుకి 14 ఆంపియర్ల చొప్పున ఎగబాకి, 0.2 మిల్లీసెకన్లలో 2.8 అందుకుంటుంది. రెండున్నర వోల్టుల మోటారుకి 36 ఇస్తే కాలిపోదా అంటారా? అది చూసుకోడానికే డ్రైవు ఉంది. కరెంటు 2.8 చేరగానే స్విచ్ తీసేస్తుంది, కాస్త పడగానే మళ్లీ వేస్తుంది. సెకనుకి వేలసార్లు ఇదే పని. దీన్ని చాపర్ డ్రైవ్ అంటారు. మోటారుని కాల్చేది వోల్టులు కాదు, మితిమీరిన వేడి. కరెంటు డ్రైవు చేతిలో ఉన్నంతసేపూ కాయిల్ వేడి అదుపులోనే ఉంటుంది. అలాగని వోల్టులకి హద్దు లేదనుకోకండి. మోటారు తిరుగుతున్న కొద్దీ ఇనుములో వేడి పెరుగుతుంది. మిల్లీహెన్రీల వర్గమూలాన్ని 32తో గుణించి, ఆ పైకి పోకూడదని ఈ పని చేసేవాళ్లు పెట్టుకున్న లెక్క ఒకటుంది. మన మోటారుకి అది 50 వోల్టులు. 36 నిక్షేపంగా సరిపోతుంది.

అయితే మోటారు తిరిగేటప్పుడు తనే కొంత వోల్టేజీ పుట్టించి ఎదురు తోస్తుంది. అందుకే 36 వోల్టులిచ్చినా వేగం పెరిగేకొద్దీ టార్క్ పడిపోతూనే ఉంటుంది. ఒక వేగం దాటాక వేగం రెట్టింపైతే టార్క్ సగమవుతుంది. ఇప్పుడు ఆ ముప్ఫై కేజీల మోటారు సంగతి. దాని కాయిళ్లలో తీగ చుట్లు ఎక్కువ, ఇండక్టెన్స్ ఎక్కువ, రోటరు బరువెక్కువ. దాన్ని చవక డ్రైవుకీ 24 వోల్టులకీ తగిలిస్తే నిలబడ్డప్పుడు భీముడే, 600 ఆర్‌పీఎం దగ్గరకొచ్చేసరికి చిన్న మోటారుకన్నా ముందే చేతులెత్తేయొచ్చు. నాకైతే పెద్ద మోటారు కన్నా తక్కువ ఇండక్టెన్స్ ఉన్న మధ్యరకం మోటారు మీదే గురి. ఎనిమిది వైర్ల మోటారు దొరికితే కాయిళ్లని ప్యారలల్‌గా కలపండి. సిరీస్‌లో కలిపితే ఇండక్టెన్స్ నాలుగింతలు.

డ్రైవుల గురించి క్లుప్తంగా చెబుతాను. ఏ4988 అని బొటనవేలంత బోర్డు ఉంటుంది. దాని హద్దు 35 వోల్టులు, 2 ఆంపియర్లు. అది కూడా చల్లగాలి తగిలితేనే. టీఎంసీ2209 చప్పుడు లేకుండా పని చేస్తుంది గానీ 29 వోల్టులు దాటకూడదు. ఈ రెండూ నెమా 17కి, త్రీడీ ప్రింటర్లకి బాగుంటాయి. టీబీ6600 పేరుతో అమ్మే పెట్టెల్లో చాలావాటిలో లోపలి చిప్ వేరేది ఉంటోంది, పెట్టె మీద రాసిన ఆంపియర్లని పూర్తిగా నమ్మొద్దు. నెమా 23కి నేను చెప్పేది డీఎం542 తరహా డిజిటల్ డ్రైవు. 50 వోల్టుల దాకా, 4.2 ఆంపియర్ల దాకా తట్టుకుంటుంది. మధ్య వేగాల్లో మోటారు కంపించి గింగిరాలెత్తకుండా కూడా చూసుకుంటుంది. అలాగని 48 వోల్టుల సప్లై పెట్టకండి. గ్యాంట్రీ ఒక్కసారి ఆగినప్పుడు మోటారు కరెంటుని వెనక్కి తోస్తుంది, వోల్టులు 50 దాటిపోవచ్చు. మూడు అక్షాల మోటార్లకీ కలిపి 36 వోల్టుల, 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ ఒకటి చాలు.

డ్రైవు పక్కన చిన్న చిన్న స్విచ్‌లు కనబడగానే కుర్రాళ్లంతా మైక్రోస్టెప్ అంకెని చివరికంటా పెంచేస్తారు, ఎక్కువ పెడితే పని సన్నగా వస్తుందని. మైక్రోస్టెప్ ఇచ్చేది నునుపు, కచ్చితత్వం కాదు. అడుగుని 16 ముక్కలు చేస్తే ఒక్క ముక్క జరిగినప్పుడు పుట్టే టార్క్ మొత్తంలో పదో వంతే. ఆ కాస్త బలాన్ని పట్టాల రాపిడే మింగేస్తుంది. మూడు నాలుగు పల్సులు పోగుపడితే గానీ గ్యాంట్రీ కదలదు. ఇంకో చిక్కు పల్సుల వేగం. ఆర్డుయినో ఊనో బోర్డు మీద నడిచే జీఆర్‌బీఎల్ అనే కంట్రోలరు ప్రోగ్రాం సెకనుకి 30 వేల పల్సుల దగ్గర ఆగిపోతుంది. 8 మైక్రోస్టెప్పులు పెడితే చుట్టుకి 1600, సెకనుకి పది చుట్లకి 16 వేలు. హాయిగా సరిపోతుంది. 32 పెడితే 64 వేలు కావాలి, అక్కడ మన ఊనో నీరసించిపోతుంది. కాబట్టి ఎనిమిది. స్క్రూ మిల్లీమీటరుకి 320 పల్సులవుతాయి.

"అన్నీ చెప్పావు గానీ, కళ్లున్న మోటారే కొనుక్కోవచ్చుగా?" అని అడిగింది మనవరాలు. కొనుక్కోవచ్చు. వెనకాల ఎన్‌కోడరు ఉండి అడుగు పడిందో లేదో చూసుకునే క్లోజ్డ్ లూప్ స్టెప్పర్లు వచ్చాయి. వాటిపైన ఏసీ సర్వోలున్నాయి. 400 వాట్ల సర్వో నిలకడగా ఇచ్చేది 1.27 న్యూటన్ మీటర్లే, మన స్టెప్పరు అంకే. కానీ అది నిలబడ్డప్పుడు మాత్రమే కాదు, 3000 ఆర్‌పీఎం దాకా అలాగే ఇస్తుంది, కాసేపైతే మూడింతలు కూడా ఇస్తుంది. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ చూసినా కనబడే పసుపు రంగు యంత్రాల ఫానుక్ కంపెనీ కూడా ఒకప్పుడు పల్సుల మోటారుకి హైడ్రాలిక్ మోటారుని జోడించి నడిపించినదే. 1973లో చమురు సంక్షోభం వచ్చాక హైడ్రాలిక్స్‌ని వదిలేసి డీసీ సర్వోలకి మళ్లింది. రోజుకి మూడు షిఫ్టులు ఇనుము కోసే యంత్రానికి సర్వో ఖర్చు గిట్టుబాటవుతుంది. చెక్క మీద పేర్లు చెక్కే బల్లకి, నా తీర్పు ప్రకారం, ఆ డబ్బు పట్టాల మీదా ఫ్రేము మీదా పెట్టడం మేలు. ఫ్రేము వంగితే సర్వో చూసే కళ్లకి ఆ వంపు కనబడదు. అది ఇరుసునే చూస్తుంది, బిట్టు కొసని కాదు.

కట్టేటప్పుడు జాగ్రత్తలు కొన్ని. కరెంటు ఉండగా మోటారు వైరు పీకకండి. కాయిల్‌లో పరిగెత్తే కరెంటు దారి తెగేసరికి ఎగదన్ని డ్రైవుని చంపేస్తుంది. పవర్ లేనప్పుడు గ్యాంట్రీని చేత్తో విసురుగా తొయ్యకండి. అప్పుడు మోటార్లు జనరేటర్లవుతాయి, డ్రైవు మీద దీపం వెలగడం మీరే చూస్తారు. మోటారు మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే భయపడొద్దు, 80 డిగ్రీల దాకా అది తట్టుకునేదే. కానీ మన ఎండాకాలంలో రేకుల షెడ్డు కింద గాలే 45 డిగ్రీలుంటుంది. కాబట్టి ఊరికే నిలబడ్డప్పుడు కరెంటుని సగానికి తగ్గించే స్విచ్ వేసి ఉంచండి. పైకీ కిందకీ కదిలే జెడ్ అక్షానికి బాల్ స్క్రూ పెట్టారా? కరెంటు పోయిన క్షణాన బిట్టుని తిప్పే స్పిండిల్ తన బరువుకి తనే కిందికి జారుతుంది, బాల్ స్క్రూకి రాపిడి చాలా తక్కువ కాబట్టి. ఒక స్ప్రింగో, బ్రేకున్న మోటారో పెట్టండి. ఊళ్లో కరెంటు కోతలుంటే ఇది మరీ ముఖ్యం.

చివరగా ఆ స్పిండిల్ మాట. నీళ్లతో చల్లబడే 1.5, 2.2 కిలోవాట్ల స్పిండిళ్లు 24 వేల ఆర్‌పీఎం తిరుగుతాయి. మన ఇంటి కరెంటు 50 హెర్ట్జ్. రెండు ధ్రువాల మోటారు దాంతో 3 వేలకి మించి తిరగదు. వీఎఫ్‌డీ అనే డ్రైవు ఆ 50ని 400 హెర్ట్జ్ చేసి ఇస్తుంది. ఈ స్పిండిలుకి 220 వోల్టులు తగినది 400 హెర్ట్జ్ దగ్గరే. చాలా వీఎఫ్‌డీలు ఫ్యాక్టరీలో 50 హెర్ట్జ్‌కే పూర్తి వోల్టులిచ్చే సెట్టింగుతో వస్తాయి. అలాగే ఆన్ చేస్తే కొత్త స్పిండిల్ నిమిషాల్లో మాడిపోతుంది. కాబట్టి వీఎఫ్‌డీ కొన్నాక ముందు దాన్ని ఒంటరిగా ఆన్ చెయ్యండి. బేస్ ఫ్రీక్వెన్సీ, గరిష్ఠ ఫ్రీక్వెన్సీ రెండూ 400కి మార్చండి. కరెంటు హద్దుని స్పిండిల్ పలక మీద రాసినంతే పెట్టండి. పవర్ ఆపి, తెర మీద అంకెలు పూర్తిగా ఆరిపోయి, లోపలి కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఇంకాసేపు ఆగి, అప్పుడే స్పిండిల్ కేబుల్ కలపండి.